క్రయపత్రమున కెక్కని సొత్తు

పాత గుడుల ప్రాకారముల చెంత, చెరువు కట్టల మీద, బీడువడిన పొలముల నడుమ, మన సీమలో శాసనములు చెక్కిన రాళ్లు నేటికిని కానవచ్చుచుండును. తెలుగు భాషలో లభించిన అతి ప్రాచీన శాసనములలో ఒకటియగు కలమళ్ల శాసనము ఈ కడప మండలముననే దొరకినది. అది 6వ శతాబ్దినాటి రేనాటి చోళుల కాలమునకు చెందినది. మన దేశపు దానశాసనములను చదువనేర్చినవారికి ఒక సంగతి తెలియును. దాత తానిచ్చిన భూమి విస్తీర్ణమును, ఎల్లలను, పుచ్చుకొన్నవాని పేరును చెప్పి ఊరకుండడు. కట్టకడపట ఒక శాపమును కూడ చెక్కించును. ఈ ధర్మమును చెరచినవానికి కాశిలో గోవును చంపిన పాపము చుట్టుకొనునని వ్రాయించును. దానము చేయుటకంటె ఒకరు చేసిన దానమును కాపాడుటయే మిన్నయని మన పెద్దల మాట.

అంతటి కట్టుదిట్టము ఆ దాతకెందుకు? తన మనస్సు మంచిదని ఆయన యెరుగును. తన తరువాత రాబోవువాని మనస్సు ఎట్టిదో ఎరుగడు. రాబోవువాడు తన కుమారుడు కావచ్చును. తన రాజ్యమును గెలిచిన పరరాజు కావచ్చును. మంచిపని మొదలుపెట్టుట వేరు. అది తన చేయి దాటిన పిదప కూడ మంచిపనిగానే నిలుచునట్లు చూచుట వేరు. రాతిపై శాపము చెక్కించినవారికి ఈ తేడా తెలిసియుండెను. కాగితముపై కంపెనీలు స్థాపించుచున్న మనకాలపు మంచివారు దీనిని మరచుచున్నారు. లోకహితమును కోరి పుట్టిన కంపెనీలు కొన్నియేండ్లకే పెద్ద కార్పొరేషన్లకు అమ్ముడుపోవుచుండుటను దేశదేశములందు చూచుచున్నాము. దీనినిగూర్చి ఉపాధ్యాయులును, విద్యార్థులును ఆలోచింపవలసినది చాల కలదని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్నియేండ్ల క్రిందట నేను రాయచోటికి చేరువనున్న ఒక పల్లెబడిలో పాఠములు చెప్పుచుంటిని. రాయచోటి చుట్టుపట్ల నేల ఎట్టిదో ఈ సీమవారికి చెప్పనక్కరలేదు. వాన కురిసిన యేట వేరుసెనగ. కురియని యేట అప్పు. ఎనిమిదవ తరగతిలో చురుకైన బాలిక యొకతె ప్రతి మంగళవారమును బడి మానుచుండెను. కారణ మడిగిన తల వంచుకొనును గాని చెప్పదు. ఒకనాటి సాయంకాలము నేనే వారి యింటికి పోతిని. బాలిక తల్లి అరుగు తుడిచి, కూర్చుండుమని, దాపరికము లేక చెప్పినది:

“మంగళవారం కంతు కట్టల్ల అయ్యవారూ. నేను కూలికి పోకుంటే జరగదు. ఆయప్ప ఎప్పుడొస్తాడో తెల్దు. పాప ఇంటికాడుంటే లెక్క ఇచ్చి చీటీ తీసుకుంటాది.”

ఒక ఆవు కొనుటకు చిన్న అప్పులిచ్చు సంస్థనుండి ఆమె కొంత పైకము తీసుకొన్నదట. ఆ సంస్థ మొదట పేదలకొరకే పుట్టినదట. నేను మరికొంత అడుగగా ఆమె ఇట్లనెను:

“ముందు వచ్చే పిల్లోడు ఈడనే కూసోని, ఆవు ఈనిందా, పాప బాగా సదువుతాందా అని అడుగుతాండె. వాన్లు లేక ఒకసారి నేను కట్టలేకపోతే రెండు వారాలు తాళినాడు. ఇప్పుడొచ్చేటోళ్లు తాళరు. బోర్డు అదే, పుస్తకం అదే, మనుషులు వేరే. కంపెనీని ఎవురికో అమ్మేసినారంట. మమ్మల్ని ఒక మాట అడిగి అమ్మినారా అయ్యవారూ?”

మా సీమలో డబ్బును లెక్క యందురు. లెక్క ఇచ్చుట యన్న డబ్బు చెల్లించుట; లెక్క చెప్పుట యన్న జవాబు చెప్పుట. ఆ తల్లి వారము వారము లెక్క ఇచ్చుచునే యున్నది. ఆమెకు లెక్క చెప్పువారెవరు? ఆనాడు నాకు సమాధానము తోచలేదు. బాలికను మంగళవారము కూడ బడికి పంపుమని చెప్పి, కంతు పైకమును పొరుగింట ఇచ్చి పోవు ఏర్పాటు చేయించి వచ్చితిని. కాని ఆమె ప్రశ్న నన్ను విడువలేదు.

చట్టమునుబట్టి చూచినచో దానికి సమాధానము సులభము. ఆమెను అడుగవలసిన పని లేదు. కంపెనీ వాటాదారులది, వారు తమ వాటాలను తమకిష్టమైనవారికి అమ్ముకొందురు. సంతలో గొడ్డును అమ్మువాడు దాని పాలు త్రాగిన పొరుగువారిని అడిగి అమ్మునా?

అయితే ఒక్క క్షణము ఆగి చూడవలెను. ఇట్టి సంస్థను కొన్నవాడు ఏమి కొన్నాడు? నాలుగు బల్లలు, పది కుర్చీలు, కొన్ని కంప్యూటర్లు, అద్దె యింట ఒక కార్యాలయము. వీనికే యెవడైన కోట్ల ధనము పోయునా? వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థులు గుడ్‌విల్ అను పద్దును ఎరుగుదురు. ఒక సంస్థ కంటికి కనబడు ఆస్తులకు మించి ఎంత ధర పలికినదో ఆ హెచ్చును ఆ పద్దున వ్రాయుదురు. తెలుగున దానిని నమ్మకము అనవచ్చును. ఆ నమ్మకమును సంపాదించినది స్థాపకు డొక్కడేనా? వాన లేని యేట కూడ కంతు తప్పకుండ కట్టిన తల్లి, ఆమె తప్పిననాడు తమ కొంగుముడి విప్పి తలా కొంచెము వేసిన పొరుగువారు, అరుగుపై కూర్చుండి ఆవు ఈనినదా యని అడిగిన ఆ చిన్న జీతగాడు, వీరందరును కలసి దానిని సంపాదించిరి. ధరలో ఆ సొత్తు విలువ చేరినది. క్రయపత్రములో ఆ సొత్తుదారుల పేరు చేరలేదు. ఆ తల్లి ప్రశ్నకు అర్థ మిదియే.

ఆ పల్లెకు వచ్చిన సంస్థ పేరు ఇచ్చట అప్రస్తుతము. కాని ఇట్టి చరిత్ర మన తెలుగుదేశముననే అందరెరిగినది మరియొకటి కలదు. దానిని వేరుగా చెప్పుకొందము.

1976లో బంగ్లాదేశమున జోబ్రా యను గ్రామములో ముహమ్మద్ యూనస్ అను అర్థశాస్త్రాచార్యుడు పూచీ చూపలేని పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చి చూచెను. పేదలు, అందును స్త్రీలు, అప్పు తీర్చుదురని రుజువైనది. 1983లో అది గ్రామీణ బ్యాంకుగా వెలసినది. ఆ బ్యాంకు వాటాలలో అత్యధిక భాగము అప్పు తీసుకొన్న స్త్రీలవే. 2006లో యూనస్‌కును, బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించినది. ఈ మార్గమును మనదేశమున అనుసరించినవారిలో విక్రమ్ ఆకుల యొకడు. 1997లో ఆయన స్వయం కృషి సంగం అను సంస్థను స్థాపించి, మరుసటి యేట మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతమున అప్పులిచ్చుట మొదలుపెట్టెను. లాభాపేక్ష లేని సంఘము అది. ఐదుగురు స్త్రీలు ఒక జట్టు; ఒకరికొకరు పూచీ; వారమున కొకసారి సమావేశము. బ్యాంకుల గడప త్రొక్కనివారి గడపకు అప్పు వచ్చినది.

పని పెరిగినది. విరాళములు చాలలేదు. 2005లో ఆ సంఘపు పనిని ఒక కంపెనీ చేపట్టినది. పెట్టుబడిదారులు వచ్చిరి. అప్పు తీసుకొన్న స్త్రీల పక్షమున వాటాలు పట్టుకొనుటకు ట్రస్టులను కూడ ఏర్పరచిరి. 2010 నాటికి ఋణగ్రహీతలు అరకోటికి మించిరి. ఆ యేడు ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ అను పేర కంపెనీ వాటాలు బజారులో అమ్మకమునకు వచ్చినవి. వాటా వెల 985 రూపాయలు. అమ్మజూపిన వాటాలకు పదిరెట్లకు మించి కొనుగోలుదారులు పోటీపడిరి. పేదల ఋణములతో ధనికులు లాభము గడించుట తగదని యూనస్ బహిరంగముగా ఆక్షేపించెను.

వాటాలు స్టాకు మార్కెట్టున కెక్కినది ఆగస్టులో. అక్టోబరు నాటికి మన పల్లెలనుండి వేరు వార్తలు వచ్చినవి. ఒకే యింటికి పలు సంస్థలు అప్పులిచ్చినవనియు, వసూళ్ల ఒత్తిడికి తాళలేక కొందరు ప్రాణములు తీసుకొనుచున్నారనియు పత్రికలు వ్రాసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అన్ని సూక్ష్మఋణ సంస్థలకును వర్తించు అత్యవసర శాసనమును చేసినది. వసూళ్లు నిలిచిపోయినవి. 985 రూపాయలకు అమ్మిన వాటా రెండేండ్లలో నూరు రూపాయలకు దిగువ పడినది. 2011 చివర స్థాపకుడు తాను స్థాపించిన సంస్థనుండి వైదొలగెను. అదే యేడు రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులపై వడ్డీ నూటికి 26 మించరాదని పరిమితి విధించినది. 2016లో కంపెనీ పేరు మారినది. 2019లో అది ఇండస్ఇండ్ బ్యాంకులో విలీనమైనది. నారాయణఖేడ్ పల్లెల స్త్రీల జట్టులతో ఆరంభమైన పని, ఇరువది యొక్క సంవత్సరములలో ముంబయిలోని ఒక పెద్ద బ్యాంకులో ముగిసినది.

ఈ కథలో దుష్టుడెవడని వెదకుట వ్యర్థము. నాటకమున వలె ఇందు ఒక కీచకుడు లేడు. ప్రతి మెట్టు దిగునపుడును ఒక మంచి కారణము కలదు. విరాళములతో వేయిమందికే అప్పు ఈయగలము, కంపెనీయైనచో లక్షమందికి ఈయగలము. పెట్టుబడిదారులు వచ్చినచో పది లక్షలు. మార్కెట్టునకు పోయినచో కోటి. ఏ మెట్టు వద్దను ‘మనము పేదలను విడిచిపెట్టుదము’ అని యెవరును తీర్మానింపలేదు. అయినను మెట్లన్నియు దిగినపిదప చూచుకొనగా, వారమువారము కూర్చుండి మాటలాడుకొన్న స్త్రీలు యజమానులు కారు. వారి అప్పు మరియొకరి ఆస్తి.

ఎదుటి పక్షమువారి మాటలలోను సత్యము కలదు. దానిని దాచుట ఉపాధ్యాయునికి తగదు. ఆ సంస్థలు రాకమునుపు పల్లెలలో ఋణము ధర్మముగా దొరకుచుండెనా? వడ్డీవ్యాపారి నూటికి నెలకు మూడు, అయిదు పుచ్చుకొనుచుండెను. సంక్షోభము వచ్చి సంస్థలు వెనుదిరిగినపుడు పలువురు మరల అతని గుమ్మమునకే పోయిరి. పెద్ద పెట్టుబడి లేక పెద్ద మేలు జరుగదనుట కొంతవరకు నిజమే. రెండవది, జీవితమంతయు ధారపోసి ఒక సంస్థను నిలిపినవాడు వృద్ధుడైనపుడు దానిని అమ్ముకొనుటకు హక్కు లేదా? కలదు. మన తెలుగువారు నెలకొల్పిన తిరుమల పాల కంపెనీని 2014లో లాక్టాలిస్ అను ఫ్రెంచి సంస్థ కొన్నది. అది వ్యాపారము, వ్యాపారముగానే పుట్టినది, అమ్మినవారిని తప్పుపట్టను. నేను చెప్పునది వేరు. ‘మేము లాభమునకై కాదు, మీకొరకే వచ్చితిమి’ అని చెప్పి జనుల నమ్మకమును మూలధనముగా గొన్నవారు, ఆ మూలధనము ఎవరిదో మొదటినాడే కాగితముపై వ్రాయవలెను. వ్రాయనిచో ఆ మాటకు బోర్డుపైని రంగుకంటె ఎక్కువ విలువ లేదు.

ఇది మన దేశపు వింత కాదు. మన పిల్లలందరెరిగిన క్యాడ్బరీ చాకొలెట్టు చరిత్రనే చూడుడు. 1824లో ఇంగ్లండులోని బర్మింగుహాములో జాన్ క్యాడ్బరీ యను క్వేకరు మతస్థుడు అంగడి పెట్టెను. మద్యమునకు బదులుగా జనులు కోకో పానీయమును త్రాగవలెనని ఆయన కోరిక. కుమారులు 1879లో బోర్న్‌విల్ అను చోట తోటల నడుమ కర్మాగారము కట్టిరి. పిదప పనివారికి గాలియు, వెలుతురును గల యిండ్లతో ఒక గ్రామమునే వెలయించిరి. ఆ కుటుంబపు కంపెనీ వాటాలు 1962లో బజారున కెక్కినవి. 2010లో క్రాఫ్ట్ అను అమెరికా కంపెనీ దానిని 1150 కోట్ల పౌనులకు కొన్నది. సోమర్‌డేల్ కర్మాగారమును మూయుటకు క్యాడ్బరీవారే అంతకుముందు నిశ్చయించియుండిరి; తాము కొన్నచో దానిని నడుపగలమని క్రాఫ్ట్‌వారు ఆశపెట్టిరి. కొన్న వారము దినములలోనే మూసివేయుదుమని ప్రకటించిరి. ఆ దేశపు కంపెనీ కొనుగోళ్లను పర్యవేక్షించు మండలి వారిని బహిరంగముగా మందలించినది. మందలింపుతో కర్మాగారము తెరువబడలేదు.

ఒకసారి అమ్మకమునకు తలుపు తెరచినచో అది మరల మూతపడుట దుర్లభము. 1976లో బ్రైటన్ నగరమున అనితా రాడిక్ అను మహిళ బాడీ షాప్ అను చిన్న దుకాణము పెట్టెను. మృగములపై పరీక్షలు చేయని సౌందర్యద్రవ్యములను అమ్ముట, పేదదేశముల ఉత్పత్తిదారులకు న్యాయమైన ధర ఇచ్చుట దాని వ్రతము. 2006లో దానిని లోరియాల్ అను మహాసంస్థకు అమ్మిరి. లోపలికి పోయి ఆ పెద్ద సంస్థనే మంచిగా మార్తునని ఆమె నమ్మెను. మరుసటి యేటనే ఆమె మరణించెను. 2017లో లోరియాల్‌వారు దానిని బ్రెజిల్ దేశపు నతూరాకు అమ్మిరి. 2023లో నతూరావారు ఔరేలియస్ అను పెట్టుబడి సంస్థకు అమ్మిరి. 2024 ఆరంభమున బ్రిటనులోని దాని శాఖ దివాలా వ్యవహారములలో పడి అనేక దుకాణములు మూతపడినవి. స్థాపకురాలు తనకు తెలిసినవారికే అమ్మెను. వారు ఎవరికి అమ్ముదురో ఆమె యెరుగునా?

మరి ఒప్పందము వ్రాసికొన్నచో చాలదా? అమెరికాలో 1978లో ఇద్దరు మిత్రులు నెలకొల్పిన బెన్ అండ్ జెర్రీస్ అను ఐస్‌క్రీము కంపెనీవారు 2000లో యూనిలీవరుకు అమ్మునపుడు అట్టి ఒప్పందమునే వ్రాయించుకొనిరి. సంస్థ సామాజిక ఆశయమును కాపాడుటకు ఒక స్వతంత్ర మండలి యుండవలెనన్నది షరతు. ఇతర అమ్మకములకంటె అది ఎంతో మెరుగు; ఆ మండలి ఏండ్ల తరబడి గట్టిగానే నిలిచినది. కాని 2022లో ఇస్రాయెల్‌లోని వ్యాపార విషయమున యజమానికిని, మండలికిని వివాదము వచ్చి న్యాయస్థానమువరకు పోయినది. 2025 సెప్టెంబరులో స్థాపకులలో ఒకడగు జెర్రీ గ్రీన్‌ఫీల్డ్, వెనుకటి స్వాతంత్ర్యము మిగులలేదని చెప్పి తన పేరుగల సంస్థనుండి తానే తప్పుకొనెను. అమ్మినపిదప వ్రాసికొన్న రక్షణ, ఇల్లు అమ్మి పెరటిలోని వేపచెట్టును నరకవద్దని కోరుట వంటిది. కొన్నవాడు మంచివాడైనంతకాలము చెట్టు నిలుచును.

అట్లయిన నిలిచిన ఉదాహరణము లేదా? కలదు. విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు సూక్ష్మదర్శినిని గూర్చి చెప్పునపుడు ఎర్న్‌స్ట్ అబ్బే పేరును తలచుచుందురు. జర్మనీలోని యేనా నగరమున కార్ల్ జైస్ కర్మాగారమున ఆయన భాగస్వామి. పేద నూలుమిల్లు పనివాని కుమారుడు. తండ్రి దినమునకు పదునాలుగు, పదునారు గంటలు పనిచేయుచుండగా చూచిన బాలుడు. 1889లో ఆయన ఒక ధర్మసంస్థను ఏర్పరచి, తరువాత తన వాటాలను దానికే ధారపోసెను. లాభము పనివారి మేలునకును, యేనా విశ్వవిద్యాలయమునకును వినియోగింపవలెనని నిబంధనలు వ్రాసెను. 1900లోనే అచట ఎనిమిది గంటల పనిదినము అమలైనది. రెండు మహాయుద్ధములు, దేశవిభజన, ఏకీకరణము గడచినవి. ఆ కంపెనీకి నేటికిని ఆ ధర్మసంస్థయే యజమాని. అబ్బే చేసినది మన దానశాసనకర్తలు చేసిన పనియే. అమ్మకపు నాటి ఒప్పందము కాదది. తాను జీవించియుండగా, అధికారము తన చేతిలోనే యుండగా, అమ్మకపు తలుపునకే తాళము వేయుట.

అంత దూరము పోనేల? మన తెలుగుదేశముననే నాటి కరీంనగరం జిల్లా ముల్కనూరులో 1956లో ఏర్పడిన సహకార సంఘము నేటికిని రైతుల చేతులలోనే యున్నది. 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము వచ్చి, ప్రభుత్వపు వాటా లేకుండ సభ్యులే తమ సంఘమును నడుపుకొను వీలు కలిగినది. ఆ చట్టము క్రింద 2000లో అచటి స్త్రీలు తమ పాలకేంద్రమును నెలకొల్పుకొనిరి. వారి పాలపొట్లముపై నుండు పేరు స్వకృషి. ఒకటి స్వయం కృషి, మరియొకటి స్వకృషి! రెండును తెలంగాణపు పల్లెటూళ్లలోనే పుట్టినవి. రెండింటికిని పునాది పేద స్త్రీయే. ఒకదానిలో ఆమె ఋణగ్రహీత. అది బ్యాంకులో కలసినది. రెండవదానిలో ఆమె సభ్యురాలు. పాలు పోయునది ఆమెయే, ఓటు వేయునది ఆమెయే. దానిని అమ్మవలెనన్న ఆమెను ఒక మాట అడుగక తప్పదు. రాయచోటి తల్లి అడిగిన ప్రశ్నకు ముల్కనూరు స్త్రీలు పత్రములోనే సమాధానము వ్రాసియుంచిరి. మన రాయలసీమలోను చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో ఆరంభమైన టింబక్టు కలెక్టివ్ అండతో, కొఱ్ఱలు, సామలు, వేరుసెనగ పండించు మెట్టరైతులు ధరణి యను సహకార సంఘమును నెలకొల్పుకొని తమ పంటను తామే అమ్ముకొనుచున్నారు.

అయితే సహకారమను పేరే రక్షరేకు కాదు. మన పొరుగుననున్న చిత్తూరు సహకార పాలకేంద్రము ఒకప్పుడు వేలాది పాడిరైతులకు ఆధారము. 2002లో అది మూతపడినది. ఇరువది యేండ్లు యంత్రములు తుప్పుపట్టినపిదప, 2023లో దానిని అమూల్ సంస్థకు గుత్తకిచ్చి పునరుద్ధరణమునకు శంకుస్థాపన చేసిరి. మూతపడుటకు కారణములెవ్వియైనను, నాకు తోచిన పాఠ మొకటి: సభ్యుడు పాలు పోసి డబ్బు తీసుకొని పోవుటతో తృప్తిపడి, లెక్క అడుగుట మానిననాడు, కాగితముపై యజమానియైనను కార్యమున కాడు. శాసనము రాతిపై నున్నంతమాత్రమున చాలదు. దానిని చదువువాడు ఊరిలో ఉండవలెను.

ఇచ్చటనే ఉపాధ్యాయుని పని మొదలగును. మనము పిల్లలకు స్థాపకుల పేర్లు నేర్పుచున్నాము. ఆంధ్రాబ్యాంకును స్థాపించినదెవరు? భోగరాజు పట్టాభి సీతారామయ్య, 1923, మచిలీపట్నము. మార్కు వేయుచున్నాము. ఆ బ్యాంకు 1980లో జాతీయమైనదనియు, 2020 ఏప్రిలు 1న యూనియన్ బ్యాంకులో కలసిపోయినదనియు, ఆ రెండు మార్పుల వేళ నిర్ణయము చేసినదెవరో, ఖాతాదారునకు అందు పాలెంతయో ఏ పరీక్షలోను అడుగుట లేదు. ఒక సంస్థను చూచినపుడు స్థాపించినదెవరను ప్రశ్న వెంట మరి మూడు ప్రశ్నలు వేయుట పిల్లలకు నేర్పుదము. ఇది ఇప్పుడు ఎవరిది? దీనిని అమ్మవలెనన్న ఎవరిని అడుగవలెను? అమ్మినచో నమ్మినవారికి లెక్క చెప్పువారెవరు? ఈ మూడింటికి సమాధానము దొరకని సంస్థ ఎంత మంచి మాట చెప్పినను, ఆ మంచి ఒక మనిషి ఆయుర్దాయమంతటిదే.

విద్యార్థులకు ఒక మాట. రేపు మీలో కొందరు ఉద్యోగములు వెదకుకొనక, తామే ఒక మంచి సంస్థను స్థాపింతురు. మన మెట్టపొలముల చిరుధాన్యములకో, మామిడితోటలకో, పాడికో ఒక దారి చూపింతురు. అపుడు మీ మంచితనముపై మీకు నమ్మకముండును, ఉండవలెను కూడ. కాని దానపత్రము వ్రాయించిన ఆ పాతకాలపు దాతను ఒక్కసారి తలచుకొనుడు. ఆయన తన్ను తాను నమ్మెను. అయినను రాయిని కూడ నమ్మెను. అమ్ముమని గొప్ప ధర వచ్చిననాడు నియమములు వ్రాయ కూర్చున్న ఆలస్యమగును. మొదటి రూపాయి చేతికి రాకమునుపే వ్రాయుడు.

ఆ బాలిక చదువు మానలేదు. పదవ తరగతి గట్టెక్కి పట్టణమున కళాశాలలో వాణిజ్యశాస్త్రము తీసుకొన్నది. మొన్న సంతవీథిలో కనబడి, గుడ్‌విల్ పద్దును ఎట్లు లెక్కకట్టుదురో చెప్పి, “మాయమ్మ కట్టిన కంతులు ఆ పద్దులో ఏడుంటాయి అయ్యవారూ?” అని నవ్వుచు అడిగినది. తల్లి ప్రశ్నయే అది. చదువుకొన్న నోట వచ్చినది. సమాధానము నేటికిని పుస్తకములలో లేదు. అడుగువారు పెరిగిననాడు వ్రాయక తప్పదు.